చెప్పే వెల, చెల్లే వెల

పాత బండిని అమ్మదలచినవాడు మన ప్రాంతంలో మొట్టమొదట అడిగే ప్రశ్న "ఎంతకు అమ్మాలి?" అన్నది కాదు, "ఎంత చెప్పాలి?" అన్నది. ఈ రెండు ప్రశ్నల నడుమ ఉన్న ఎడంలోనే దళారి బ్రతుకుతున్నాడు. చెప్పే వెల ఒకటీ చెల్లే వెల మరొకటీ కావడం లోకసహజమని, బేరమంటేనే అదని పెద్దలు కూడా అంటారు. పట్టుచీరల కొట్టులో అది చెల్లితే చెల్లవచ్చు. పాత సరకు బండి విషయంలో మాత్రం అది అమ్మేవాడికే నష్టమని నా అభిప్రాయం. ఛందస్సు గురించీ, ప్రబంధాల గురించీ వ్రాసుకునే ఈ పుటలోకి మోటారు బండి ఎందుకు వచ్చిందని బ్లాగ్మిత్రులు ఆశ్చర్యపోవచ్చును. కారణం మనవి చేస్తాను.

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ అనగానే బయటి ఊళ్ళవారికి నటుల భవనాలు, ఎత్తైన గేట్లు, నల్ల అద్దాల కార్లు మనసులో మెదులుతాయి. ఇక్కడ నివసించేవారికి కనిపించే దృశ్యం వేరు. తెల్లవారుజామున నాలుగు గంటలకు కృష్ణానగర్, ఇందిరానగర్ సందులలో వరుసగా నిలిచి ఉండే సరకు బండ్లు మాకు కనిపిస్తాయి. దీపాల పెట్టెలు, ట్రాక్ పట్టాలు, దుస్తుల బీరువాలు, కళావిభాగం వారి ప్లైవుడ్ చెక్కలు, వందమందికి సరిపడే ఉప్మా గిన్నెలు అన్నీ వీటి మీదనే అన్నపూర్ణ స్టూడియోకో, రామానాయుడు స్టూడియోకో, నగరానికి ఆ చివరనున్న రామోజీ ఫిల్మ్ సిటీకో చేరుతాయి. తెలుగు సినిమాను మోస్తున్నదెవరని ఎవరైనా అడిగితే వాచ్యార్థంలో నేను చెప్పగలిగిన సమాధానం ఈ బండ్లనే.

అటువంటి బండి ఒకటి నా పూర్వ విద్యార్థిది. 2013లో కొన్న పికప్. దానికి ఇంకా పాత ఏపీ అక్షరాల సంఖ్యే ఉన్నది. మన నగరంలో ఈ అక్షరాలు బండి వయసును కొంత చెప్పేస్తాయి: 2014 జూన్ నుండి టీఎస్, 2024 మార్చి నుండి టీజీ. కాబట్టి హైదరాబాదులో రిజిస్టరైన బండికి ఏపీ అని ఉన్నదంటే అది రాష్ట్ర విభజనకు ముందుదే. కొనవచ్చినవాడు "ఆంధ్రా బండా?" అని అడగడం, కాదని ఆర్సీ చూపించడం బేరంలో మొదటి అంకం. ఆ అబ్బాయి (అబ్బాయి అంటున్నాను గానీ నలభై దాటినవాడు) కాగితం మీద మూడు అంకెలు వేసుకొని వచ్చాడు. పాత బండ్ల వ్యాపారి ఇస్తానన్నది 2,10,000. దళారి చెప్పమన్నది 3,75,000. తాను ఆశపడుతున్నది 3,25,000. "మాస్టారూ, ఇందులో ఏది న్యాయం?" అన్నాడు. నేను వాడికి చెప్పింది తెలుగు, లెక్కలు కాదు. అయినా 'న్యాయం' అన్న మాట వాడాడు కాబట్టి తప్పించుకోలేకపోయాను.

మాటల దగ్గరే మొదలుపెడతాను, అది నా వృత్తిదోషం. 'వెల' మన సొంత ద్రావిడ పదం. తమిళంలో 'విలై', కన్నడంలో 'బెలె' దాని తోబుట్టువులు. 'ఖరీదు' పారసీకం నుండి వచ్చింది. అక్కడ దాని అర్థం కొనడం, కొనుగోలు. మనం దానిని ధర అనే అర్థంలో స్థిరపరచుకున్నాం. ఈ తేడా నాకు నచ్చుతుంది. ఖరీదు కొన్నవాడి పని జరిగిన తరువాత పుడుతుంది. వెల అంతకుముందే ఎవరో ఒకరు 'కట్టవలసి' ఉంటుంది. వెల కట్టడం అన్నాం గానీ వెల ఊహించడం అనలేదు. కట్టినదానికి ముడి ఎక్కడ వేశారో చూపించగలగాలి. నేను ఆ అబ్బాయికి ఇచ్చిన మొదటి సలహా ఇదే: నీవు చెప్పే అంకెకు లెక్క చూపించగలగాలి, చూపించలేని రూపాయిని అడగవద్దు.

పూర్వం పశువుల సంతలో ఎద్దు వయసును పళ్ళు చూసి చెప్పేవారు. రెండు పళ్ళది, నాలుగు పళ్ళది, ఆరు పళ్ళది అని. సుడులు చూసేవారు, నడిపించి చూసేవారు. వెల మాత్రం నోటితో పలికేవారు కాదు. తువ్వాలు క్రింద చేతులు కలిపి వేళ్ళతో చెప్పుకునేవారు. చుట్టూ ఉన్నవారికి వినిపించేలా పెద్ద అంకె చెప్పి పరువు కోసం దానికే కట్టుబడవలసిన ఇబ్బంది అక్కడ ఉండేది కాదు. పళ్ళను ఎవరూ వెనక్కు తిప్పలేరు. బండిలోని కిలోమీటర్ల మీటరును తిప్పగలరు.

సినిమా బండి విషయంలో తిప్పకపోయినా మీటరు పూర్తి నిజం చెప్పదు. కూరగాయల బండి రోజుకు రెండు వందల కిలోమీటర్లు సమరహదారి మీద నడుస్తుంది. మా ప్రాంతపు బండి రోజుకు ముప్పయి నలభై కిలోమీటర్లే తిరగవచ్చు. కాని ఆ తిరగడం ఫిల్మ్‌నగర్ ఎత్తుల మీద, చెక్‌పోస్టు రద్దీలో, సగం క్లచ్ నొక్కిపెట్టి. ఒకరోజు బరువైన దీపాలు, మరునాడు ఎత్తైన చెక్కల అమరిక. అవుట్‌డోర్ అయితే అడవిదారులు, గోదావరి ఒడ్డు ఇసుక. ఇటువంటి బండికి ఇంజను బాగుండి క్లచ్ ప్లేట్లు, కమాన్ పట్టీలు అరిగిపోయి ఉంటాయి. "పదమూడేళ్ళకు లక్షా ముప్పయి వేల కిలోమీటర్లే తిరిగింది" అని మురిసిపోయి దానికి అదనపు వెల కట్టడం అందుకే సరి కాదు. అదే న్యాయం మరొక పక్కకూ వర్తిస్తుంది. సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడ బండ్లకు అడుగున పట్టినంత త్రుప్పు మన దక్కను పీఠభూమి బండికి సాధారణంగా పట్టదు. అడుగు భాగం శుభ్రంగా ఉంటే ఆ మాట గట్టిగానే చెప్పుకోవచ్చు. ఇక "ఫలానా పెద్ద సినిమాకు తిరిగిన బండి" అన్న ప్రచారం విలువ సున్న. ఆ సినిమా వంద కోట్లు వసూలు చేసినా కమాన్ పట్టీకి దాని వాటా ఏమీ రాలేదు.

కొందరు పుస్తకాల లెక్కను ఆశ్రయిస్తారు. బీమా వారి పట్టికలో మొదటి ఆరు నెలలకు 5 శాతం, ఏడాదికి 15, రెండేళ్ళకు 20, మూడేళ్ళకు 30, నాలుగేళ్ళకు 40, అయిదేళ్ళకు 50 శాతం తరుగు. ఆపైన? ఉభయులూ ఒప్పుకున్నంత. అంటే అసలు కష్టం ఎక్కడ మొదలవుతుందో అక్కడ పట్టిక చేతులెత్తేసింది. ఆదాయపు పన్ను వారి లెక్క ఇంకా విచిత్రం. కిరాయికి త్రిప్పే లారీలకు ఏటా మిగిలినదాని మీద 30 శాతం తరుగు. ఈ లెక్కన నూరు రూపాయల బండి పదేళ్ళకు మూడు రూపాయలైనా చేయదు. పన్ను కోసం వ్రాసే తరుగు పన్ను కోసమే. దానిని బేరంలో చూపించే వ్యాపారి తెలియక చూపించడు, తెలిసే చూపిస్తాడు.

మరి ఏ లెక్క? మన చట్టంలోనే ఒక ఊతం ఉన్నది. 1930 నాటి సరకుల విక్రయ చట్టం తొమ్మిదవ సెక్షను ప్రకారం, ధర నిర్ణయించుకోకుండా సరకు చేతులు మారితే కొన్నవాడు సమంజసమైన ధర ఇవ్వాలి. సమంజసం ఏమిటన్నది ఆయా సందర్భపు వాస్తవాలను బట్టి తేలవలసినది. వాస్తవాలను బట్టి అన్న మాట పట్టుకున్నాం. ఆ అబ్బాయి మొదట అమ్మకానికి పెట్టిన ఏడు బండ్ల వివరాలు తెచ్చాడు. అవన్నీ చెప్పే వెలలు. ప్రక్కవాడి ఆశను నా బండికి కొలబద్దగా పెట్టుకోవడం ఎందుకని అవి పక్కన పెట్టించాను. నిజంగా అమ్ముడుపోయిన బండ్లు ఎవరికి తెలుస్తాయి? మెకానిక్కుకు తెలుస్తాయి, ఫైనాన్సు ఇచ్చేవాడికి తెలుస్తాయి. అలా వారం రోజులు తిరిగితే అదే రకం, అదే వయసు, ఇంచుమించు అదే స్థితి ఉన్నవి మూడు తేలాయి: 2,80,000, 2,95,000, 3,10,000. మూడూ 2025 సెప్టెంబరు తరువాత అమ్ముడైనవే అని నిర్ధారించుకున్నాం. ఆ నెల 22 నుండి కొత్త సరకు బండ్ల మీద జీఎస్టీ 28 నుండి 18 శాతానికి తగ్గింది. అంటే అంతకుముందు పన్నుతో 128 రూపాయలయ్యే బండి 118కి వచ్చింది. కొత్తదాని వెల దాదాపు ఎనిమిది శాతం దిగితే పాతది అక్కడే నిలబడి ఉండలేదు. పన్ను తగ్గకముందు అమ్మకాలు చూపి వెల చెప్పేవారు ఇప్పటికీ ఉన్నారు.

నడిమి అంకె 2,95,000 పునాదిగా తీసుకున్నాం. వెనుక టైర్లు రెండూ మార్చాలి, 14,000. క్లచ్ పని, 11,000. ఈ రెండూ కొన్నవాడు మరునాడే పెట్టవలసిన ఖర్చు కాబట్టి తీసివేశాం. నిరుడు వేయించిన తొట్టి అడుగు రేకు, గ్యారంటీ ఇంకా ఉన్న బ్యాటరీ, వీటికి పెట్టినంత రాదు. సగం కంటే తక్కువగా 8,000 కలిపాం. 2,78,000 తేలింది. దాని మీద 7,000 వేసి 2,85,000 చెప్పమన్నాను. ఆ ఏడు వేలు ఎందుకని మీరు అడుగుతారు. బేరమాడకుండా కొన్న వస్తువును తెలుగువాడు నమ్మడు. ఎంతో కొంత తగ్గించుకొని ఇంటికి పోకపోతే మోసపోయానన్న అనుమానం వానిని పీడిస్తుంది. రెండు మూడు శాతం వరకు అది మర్యాద. మూడోవంతు కలిపి చెప్పడం మర్యాద కాదు.

దళారి చెప్పిన 3,75,000కు సమర్థన ఏమిటంటే, "వాళ్ళు ఎలాగూ లక్ష తగ్గించి అడుగుతారు" అని. నిజమే, అడుగుతారు. ఎందుకు అడుగుతారు? అందరూ లక్ష కలిపి చెబుతున్నారు కాబట్టి. ఆర్థిక శాస్త్రవేత్త జార్జి ఆకర్‌లాఫ్ 1970లో పాత కార్ల విపణి మీద వ్రాసిన చిన్న వ్యాసంలో ఈ విషవలయాన్నే చూపించారు. అమెరికా వాడుకలో పనికిమాలిన పాత కారును నిమ్మకాయ అంటారు. ఏది నిమ్మకాయో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియదు కాబట్టి అన్నింటికీ తక్కువే ఇస్తానంటాడు. ఆ తక్కువకు మంచి బండి గలవాడు అమ్మడు, ఇంటికి తీసుకుపోతాడు. సంతలో మిగిలేవి నిమ్మకాయలే. 2001లో మరి ఇద్దరితో కలిసి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మన దళారికి ఈ సిద్ధాంతం పేరు తెలియదు గాని దాని మీదనే అతని జీవనం సాగుతున్నది. కొనేవాడి అజ్ఞానాన్ని తగ్గించే ఏ పని చేసినా అమ్మేవాడికి లాభమే. అందుకే ఫిట్‌నెస్ గడువు నెల రోజులలో ముగుస్తుంటే దానిని వెలలో తగ్గించడం కాదు, ముందే చేయించుకోమన్నాను. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ తప్పదు. కొత్తగా చేతికొచ్చిన పత్రం బండి ఆరోగ్యానికి మూడో మనిషి సాక్ష్యం. బకాయి ఉన్న చలానాలు కూడా కట్టేయమన్నాను. వేలలో ఉన్న చలానాలు చూసి కొనేవాడు పదివేలు కోస్తాడు.

వ్యాపారి చెప్పిన 2,10,000ను దోపిడీ అని కొట్టివేయడం నాకు ఇష్టం లేదు. అతడు ఈరోజే నగదు ఇస్తాడు. బండిని నెలల తరబడి ఎండలో నిలుపుకుంటాడు. 2024 డిసెంబరులో జైసల్మేరులో జరిగిన జీఎస్టీ మండలి సమావేశపు నిర్ణయంతో వ్యాపారులు పాత బండ్ల మీద పొందే లాభానికి 18 శాతం పన్ను కట్టాలి. (ఈ పన్ను మొత్తం ధర మీద కాదు. వ్యక్తి నుండి వ్యక్తికి జరిగే అమ్మకానికి అసలు లేదు. దీని మీద అప్పట్లో ఎంత గగ్గోలు జరిగిందో మిత్రులకు గుర్తుండే ఉంటుంది.) ఇన్ని భారాలకు ముప్పయి వేలు తగ్గించుకుంటే ఒప్పుకుంటాను. అరవై ఎనిమిది వేలు మాత్రం ఆ అబ్బాయి అవసరాన్ని చూసి కోసినదే.

ఈ అవసరం సంగతి కొంచెం చెప్పాలి. సినిమా వృత్తిలో బండ్లు ఒక్కొక్కటిగా అమ్మకానికి రావు, గుంపులుగా వస్తాయి. 2020 మార్చిలో కోవిడ్ వచ్చి చిత్రీకరణలు ఆగిపోయినప్పుడు, 2022 ఆగస్టు 1 నుండి నిర్మాతలు చిత్రీకరణలు నిలిపివేసినప్పుడు, 2025 ఆగస్టు 4 నుండి వేతనాల పెంపు కోసం కార్మిక సమాఖ్య సమ్మె చేసినప్పుడు. సమ్మె ఆగస్టు 21న ముగిసింది. కాని రోజువారీ కిరాయి మీద నెలసరి వాయిదా కట్టేవాడికి పద్దెనిమిది రోజులంటే ఒక వాయిదా తప్పినట్లే. సమ్మె చేసిన కార్మికుడికి చివరకు పెంపు దక్కుతుంది. బండి యజమానికి ఏ సంఘం ఏ పెంపూ తేదు. అటువంటి నెలలో అమ్మేవాడికి దొరికే ధర విపణి ధరే కదా అని ఆర్థికశాస్త్రం చదివినవారు అంటారు. నేను ఒప్పుకోను. బండిలో ఏ మార్పూ లేకుండా యజమాని ఇంట్లో బియ్యం నిండుకోవడం వల్ల తగ్గిన వెల బండిది కాదు, ఆకలిది. అందుచేత అమ్మదలచినవారు పనులు ముమ్మరంగా ఉన్న రోజులలో, ఇంకా రెండు మూడు నెలలు ఆగగలిగిన స్థితిలో అమ్మాలి. ఇది చెప్పడం సులభమని నాకూ తెలుసు. అందుకే ఆ అబ్బాయిని ఇంకొక అంకె కూడా వ్రాసుకోమన్నాను. ఏ పరిస్థితిలోనూ దానికి దిగకూడదన్న అంకె, 2,65,000. అది తన జేబులో ఉండాలి, ఎవరికీ చెప్పకూడదు. భార్యకు చెప్పవచ్చునా అని అడిగాడు. ఆమెకే ముందు చెప్పమన్నాను, వాయిదాల లెక్క ఆమె చేతిలో ఉన్నదట.

ఇక లోపాలు చెప్పే విషయం. "అడిగితే చెబుతాను, అడగకపోతే నాకెందుకు?" అన్నది లోకరీతి. కౌటిల్యుని అర్థశాస్త్రంలో మూడవ అధికరణంలో 'విక్రీతక్రీతానుశయం' అని ఒక ప్రకరణమే ఉన్నది. అనుశయం అంటే కొన్నాక, అమ్మాక కలిగే పశ్చాత్తాపం. బేరం రద్దు చేసుకోవడానికి వర్తకులకు ఒక రాత్రి, కర్షకులకు మూడు రాత్రులు, గోరక్షకులకు అయిదు రాత్రులు గడువు. వస్తువులో దోషముంటే ఆ లెక్క వేరు. రోగమున్న పశువును ఆరోగ్యమైనదని చెప్పి అమ్మినవాడికి దండనే ఉన్నది. పాత బండికి అటువంటి గడువు మనం ఇవ్వలేం, మరునాడు ఇంజను పగలగొట్టుకొని వచ్చి డబ్బు తిరిగి ఇమ్మంటే కష్టం. కాబట్టి ఆ మూడు రాత్రులనూ అమ్మకానికి ముందుకు జరపాలి. కొనేవాడు తన మెకానిక్కును తెచ్చుకొని చూపించుకోవాలి, ఎత్తు మీద నడిపి చూడాలి. తెలిసిన లోపాలను అమ్మేవాడు కాగితం మీద వ్రాసి ఇవ్వాలి. ఆ అబ్బాయికి ఈ మాట మింగుడుపడలేదు. "లోపాలు మనమే వ్రాసిస్తే ఎవరు కొంటారు మాస్టారూ?" అన్నాడు. టైర్లకూ క్లచ్చుకూ పాతికవేలు ముందే తగ్గించావు కదా, ఎందుకు తగ్గించావో చెప్పకపోతే ఇంకోసారి తగ్గిస్తారు అన్నాను.

అన్నిటికంటే ముఖ్యమైనది, వెలలో ఎవరూ లెక్కించనిది ఒకటున్నది. పేరు మార్పిడి. "ఆర్సీ తరువాత మార్పించుకుంటాను" అని పదివేలు ఎక్కువ ఇచ్చేవాడికి బండి ఇచ్చేవారిని చూశాను. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: బండి ఎన్ని చేతులు మారినా రిజిస్టరులో ఎవరి పేరున్నదో వారే చట్టం దృష్టిలో యజమాని, ప్రమాద పరిహారపు బాధ్యత వారిదే. ఆ కేసులోని బండి మొదటి యజమాని చేతి నుండి ఒకరి తరువాత ఒకరుగా పలువురికి మారినది. పేరు మాత్రం మారలేదు. మోటారు వాహనాల చట్టం యాభయ్యవ సెక్షను ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజులలో అమ్మినవాడు తెలియజేయాలి, కొన్నవాడికి 30 రోజుల గడువు. 29, 30 నంబర్ల ఫారాలు, అప్పు తీరిన బండి అయితే 35వ ఫారం. ఫారాల మీద సంతకాలు చేసి తేదీ వేయకుండా దళారి చేతిలో పెట్టడం మా వీధులలో మామూలు విషయం. తేదీ లేని సంతకం విలువ ఎంతో ఏ పట్టికలోనూ లేదు. పేరు మార్పిడికి తనతో పాటు రవాణా కార్యాలయానికి వచ్చేవాడు 2,70,000 ఇస్తానన్నా, "తరువాత చూద్దాం" అని 2,90,000 ఇచ్చేవాడికంటే అతడే ఎక్కువ ఇస్తున్నట్లు.

బండి ఇంకా అమ్ముడుపోలేదు. 2,85,000 అని చెబితే మొదట వచ్చిన ఇద్దరు "ఆఖరి మాట చెప్పండి" అని 2,00,000 దగ్గర మొదలుపెట్టి వెళ్ళిపోయారు. మూడో ఆయన షాద్‌నగర్ వైపు కూరగాయల వర్తకుడు. లోపాల కాగితం రెండుసార్లు చదివించుకొని, ఆదివారం తన మెకానిక్కును తీసుకొని వస్తానని చెప్పి పోయాడు. సంచకారం ఇస్తానన్నాడట, మెకానిక్కు చూసిన తరువాతే పుచ్చుకుంటానని మావాడు అన్నాడట. (సంచకారం అంటే బయానా. కోస్తా మిత్రులు బజానా అంటారు.) మీ మీ ఊళ్ళలో పాత బండ్ల వెలలు ఎలా కడుతున్నారో, తువ్వాలు క్రింది బేరం ఇంకా ఎక్కడైనా సాగుతున్నదో తెలిసినవారు వ్రాయగలరు.